పెద్దవాళ్ళ కండ కరిగిపోకుండా తిండి ఎలా ఉండాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

వయసు మీద పడిందంటే చాలు, అరగదని పప్పును పలుచన చేసి పప్పుచారు కాస్తాం. పెరుగు మజ్జిగవుతుంది. కూర తగ్గి చారు పెరుగుతుంది. రాత్రికి రెండు ఇడ్లీలో, రెండు పుల్కాలో. ఇదంతా ప్రేమతోనే చేస్తాం, కానీ పెద్దవాళ్ళ ఒంట్లో కండ కరగడానికి దారి తీసేది ఎక్కువగా ఈ పలుచనే. అరవై దాటినవాళ్ళకీ, వాళ్ళకి వండిపెట్టేవాళ్ళకీ ఉపయోగపడేలా ఈ జవాబులు రాశాం.

వయసైతే ఎవరైనా చిక్కిపోతారు కదా. దీన్ని జబ్బు అనడం దేనికి?

కొంత చిక్కడం సహజమే. యాభై దాటాక ఏటా ఒక శాతం అటూ ఇటూగా కండ తగ్గుతుంది, బలం అంతకన్నా వేగంగా తగ్గుతుంది. ఈ తగ్గుదల హద్దు దాటితే దాన్ని సార్కోపీనియా అంటారు. ఇర్విన్ రోసెన్‌బర్గ్ అనే అమెరికన్ పోషకాహార శాస్త్రవేత్త 1989లో ఈ పేరు పెట్టారు. అమెరికాలో రోగాల పట్టికలో దీనికి విడిగా కోడ్ వచ్చింది మాత్రం 2016లోనే. అందుకే ఇప్పటికీ చాలామంది డాక్టర్లు చీటీ మీద ‘వీక్‌నెస్’ అని రాసి ఒక టానిక్కుతో సరిపెడుతున్నారు.

దీనికి తోడుగా వచ్చేదే ఫ్రెయిల్టీ. మనవాళ్ళు ‘ఓపిక లేదు, కాళ్ళల్లో సత్తువ లేదు’ అంటారే, అది. 2001 నుంచి వాడుకలో ఉన్న కొలమానంలో అయిదు గుర్తులున్నాయి: ప్రయత్నించకుండానే ఏడాదిలో నాలుగున్నర కిలోలు తగ్గడం, ఏ పనికైనా అలసట, పట్టు సడలడం, నడక నెమ్మదించడం, రోజంతా కదలిక తగ్గిపోవడం. మూడు కనిపిస్తే ఫ్రెయిల్టీ ఉన్నట్టే. ఒకటో రెండో ఉంటే ఆ దారిలో ఉన్నట్టు. వెనక్కి తిప్పడం తేలికయ్యేది ఆ ఒకటి రెండు గుర్తుల దశలోనే.

ఇంట్లోనే తెలుసుకోవడం ఎలా?

కుర్చీ ఒకటి చాలు. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించండి. పెద్దాయన చేతులు రెండూ గుండెల మీద కట్టుకుని, అయిదుసార్లు పూర్తిగా లేచి కూర్చోవాలి. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టండి. 12 సెకన్లో అంతకు మించో పడితే కాళ్ళ బలం తగ్గినట్టు. ఆసియా దేశాల నిపుణులు 2019లో పెట్టుకున్న హద్దు ఇది. చేతులు ఆనించకుండా అసలు లేవలేకపోతే ఇక సెకన్లు లెక్కపెట్టక్కర్లేదు, జవాబు వచ్చేసింది. పక్కన ఒకరు నిలబడకుండా మాత్రం ఈ పరీక్ష చేయించకండి.

రెండోది జపాన్‌లో వాడే ఉంగరం పరీక్ష. కుర్చీలో కూర్చుని, రెండు చేతుల బొటనవేళ్ళు, చూపుడువేళ్ళు కలిపి ఉంగరంలా చేసి పిక్కలో బాగా లావుగా ఉన్నచోట చుట్టాలి. వేళ్ళు అందకపోతే మంచిదే. అందిన తర్వాత కూడా మధ్యలో సందు మిగిలితే కండ తగ్గిందని అనుమానించాలి. దర్జీ టేపు ఉంటే ఇంకా మేలు: పిక్క చుట్టుకొలత మగవారికి 34 సెంటీమీటర్లు, ఆడవారికి 33 కన్నా తక్కువైతే జాగ్రత్తపడాలి. కాళ్ళవాపు ఉన్నవాళ్ళ దగ్గర ఈ రెండు పరీక్షలూ మోసం చేస్తాయి. నీరు చేరిన పిక్క లావుగానే కనిపిస్తుంది.

ఇవేవీ చేయకపోయినా వంటింట్లో గుర్తులు బయటపడతాయి. కుక్కర్ మూత తిప్పడానికి మనవణ్ణి పిలవడం, తడిగుడ్డ పిండలేకపోవడం, పచ్చడి సీసా మూత రాకపోవడం, ఇవన్నీ చేతిపట్టు సడలుతున్న సంగతి చెబుతాయి. ఆస్పత్రిలో పట్టు కొలిచే పరికరం ఉంటుంది. అందులో మగవారు 28 కిలోలు, ఆడవారు 18 కిలోలు దాటాలి.

మా మామగారు బరువేమీ తగ్గలేదు, పొట్ట కూడా ఉంది. ఆయనకీ ఇది వస్తుందా?

వస్తుంది. పైగా కనిపెట్టడం కష్టం. కండ పోయినచోట కొవ్వు చేరితే కాటా మీద అంకె మారదు. పొట్ట ముందుకొచ్చి, తొడలు, పిరుదులు జారి, ప్యాంటు వెనక వదులవుతుంది. మన దగ్గర షుగర్ ఉన్నవారిలో ఈ వాటం తరచుగా కనిపిస్తుంది. వీళ్ళని ‘బరువు తగ్గండి’ అని పంపేస్తే, తిండి మొత్తం తగ్గించుకుంటారు, కొవ్వుతో పాటు ఉన్న కాస్త కండా పోతుంది. బరువు తగ్గే ఇంజెక్షన్లు వాడేవారికీ ఇదే హెచ్చరిక: ఆకలి చచ్చిపోయిన ఆ నెలల్లో పళ్ళెంలో ముందు తినాల్సింది ప్రొటీన్, ఆ తర్వాతే అన్నం.

రోజుకి ప్రొటీన్ ఎంత కావాలి?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ నిపుణుల 2020 సిఫార్సు ప్రకారం పెద్దలకు శరీర బరువులో కిలోకి 0.83 గ్రాములు. ఇది పడుచువాళ్ళకీ ముసలివాళ్ళకీ కలిపి చెప్పిన అంకె. అరవై అయిదు దాటినవారి సంగతి విడిగా చూసిన అంతర్జాతీయ నిపుణుల బృందాలు (2013, 2014) కిలోకి 1 నుంచి 1.2 గ్రాములు ఉండాలన్నాయి. జబ్బు పడి లేచినవారికి, దీర్ఘకాల రోగాలున్నవారికి 1.2 నుంచి 1.5. కిడ్నీ జబ్బు బాగా ముదిరినవారు మాత్రం ఈ లెక్కలోకి రారు, వాళ్ళ సంగతి కింద విడిగా ఉంది.

55 కిలోల అమ్మగారికి రోజుకి 55 నుంచి 66 గ్రాములు. 65 కిలోల నాన్నగారికి 65 నుంచి 78. బాగా లావుగా ఉన్నవారికి ఉన్న బరువుతో కాక, ఎత్తుకు తగిన బరువుతో లెక్కకట్టాలి.

మా అమ్మ మూడు పూటలా తింటుంది. అయినా సరిపోదా?

ఒక మామూలు రోజును లెక్కవేద్దాం. పొద్దున మూడు ఇడ్లీలు, కాస్త పల్లీ చట్నీ: 7 గ్రాములు. మధ్యాహ్నం అన్నం, పప్పుచారు, బీరకాయ కూర, గ్లాసు మజ్జిగ: 11. సాయంత్రం టీ, రెండు బిస్కెట్లు: 3. రాత్రి రెండు పుల్కాలు, కూర, అర గ్లాసు పాలు: 10. మొత్తం 31. కావలసినది 55 పైన. కడుపు నిండింది, ఆకలి లేదు, కానీ కండకు సగమే అందింది.

పప్పుచారు దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. పొడి కందిపప్పు వంద గ్రాములకు 22 గ్రాముల ప్రొటీన్ నిజమే. అయితే నలుగురున్న ఇంట్లో పప్పుచారుకి ఉడకబెట్టేది పిడికెడు, అంటే నలభై యాభై గ్రాములు. ఒకరి వాటాకి 12 గ్రాముల పప్పు వస్తుంది. అంటే రెండున్నర గ్రాముల ప్రొటీన్. అదే ముద్దపప్పుకి ఒకరి వాటాగా 35 గ్రాములు పోస్తే ఏడున్నర. మజ్జిగా అంతే: గ్లాసు నీళ్ళల్లో మూడు చెంచాల పెరుగు కలిపితే ఒకటిన్నర గ్రాములు. కప్పు గడ్డపెరుగుకి అయిదు.

మరి అదే వంటతో 60 గ్రాములు ఎలా చేరుకోవాలి?

వంట మార్చనక్కర్లేదు, చిక్కదనం మారిస్తే చాలావరకు చేరుకుంటాం. పొద్దున ఇడ్లీ బదులు రెండు పెసరట్లు (ఒకరికి 50 గ్రాముల పెసలు నానబోస్తే 11 గ్రాములు), ఉడికించిన గుడ్డు ఒకటి (6), చిక్కటి పాలతో టీ (3): మొత్తం 20. మధ్యాహ్నం అన్నం ఒక గరిటె తగ్గించి ముద్దపప్పు, ఆకుకూర, 150 గ్రాముల పెరుగు: దాదాపు 19. సాయంత్రం బిస్కెట్లకు బదులు గుప్పెడు పుట్నాలు: 4. రాత్రి రెండు పుల్కాలు, 15 గ్రాముల మీల్‌మేకర్ వేసిన కూర, గ్లాసు పాలు: 19 పైనే. మొత్తం 62.

మాంసాహారం తినే ఇంట్లో ఇంకా తేలిక. పచ్చి చికెన్ లేదా చేప వంద గ్రాములకు దాదాపు 20 గ్రాములు. ఆదివారం ఒక్కరోజే కడుపునిండా తిని మిగతా ఆరు రోజులు చారన్నంతో గడిపే పద్ధతి కండకు పనికిరాదు. ఆ కిలో చికెన్‌ను మూడు రోజులకు పంచి వండితే మేలు. పులుసులో ముక్కలు మగవాళ్ళకీ పిల్లలకీ వెళ్ళి, చివర్లో కూర్చున్న నాయనమ్మకి పులుసు మిగలడం మన ఇళ్ళల్లో కొత్త కాదు. ముక్క ముందు ఆవిడకి పడాలి.

రాత్రికి ఒకేసారి ఎక్కువ తినేస్తే కుదరదా?

కుదరదు. కుర్రాళ్ళ కండ కొద్దిపాటి ప్రొటీన్‌కే స్పందిస్తుంది. వయసు పెరిగేకొద్దీ అది మొద్దుబారుతుంది. పూటకి ఒక మోతాదు దాటితే గానీ కండ కట్టే పని ఊపందుకోదు. ఆ మోతాదు కిలో బరువుకి 0.4 గ్రాములు, అంటే 55 కిలోలవారికి పూటకి 22 గ్రాముల దగ్గర. ప్రొటీన్‌లో ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఇక్కడ మీట నొక్కే వేలు లాంటిది. పాలు, గుడ్డు, చేప, మాంసంలో అది బాగా ఉంటుంది. పప్పుల్లో కొంత తక్కువ, కాబట్టి పప్పు మోతాదు కాస్త ఎక్కువ పెట్టుకోవాలి. మన దగ్గర బాగా బోసిగా ఉండే పూట పొద్దున్నే. ముందు టిఫిన్ సరిచేయండి.

పప్పు తింటే గ్యాస్, వాతం అంటుంది. బలవంతం చేయాలా?

వద్దు, దారి మార్చండి. పెసరపప్పుతో మొదలుపెట్టండి, పప్పులన్నిటిలో తేలిగ్గా అరిగేది అదే. కందిపప్పు, శనగపప్పు అయితే గంటసేపు నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళతో మెత్తగా ఉడికించి, ఇంగువ, జీలకర్ర పోపు వేయండి. ఇప్పుడు తినేదాని మీద వారానికి ఒక టేబుల్ స్పూను పొడిపప్పు చొప్పున పెంచండి. చాలామంది చేసే పొరపాటేమిటంటే ఒక్కరోజులో పప్పు రెట్టింపు చేసి, మర్నాడు కడుపుబ్బరం వస్తే ‘మాకు పడదు’ అని ఎప్పటికీ మానేయడం. పేగులకు అలవాటు పడే వ్యవధి ఇవ్వాలి. ఆ రోజుల్లో నీళ్ళు, కూరగాయలు తగ్గితే మలబద్ధకం వచ్చి నేరమంతా పప్పు మీద పడుతుంది. పాలు పడనివారికి చాలామందికి పెరుగు పడుతుంది.

మొలకలు ఆరోగ్యమని పచ్చివి పెడుతుంటారు. పెద్దవాళ్ళకి ఆవిరి మీద ఉడికించే పెట్టాలి. నమలడం ఒక కష్టం, పచ్చి మొలకల్లో సూక్ష్మక్రిములు పెరగడం ఇంకో భయం.

మేం గుడ్డు కూడా తినం. శాకాహారంతో కండ నిలుస్తుందా?

నిలుస్తుంది, కాకపోతే లెక్క తప్పకూడదు. పాలు, పెరుగు కలిపి రోజుకి అర లీటరు (16 గ్రాములు) ఖాయం చేసుకుంటే మిగతాది పప్పులు, సోయా, పల్లీలు చూసుకుంటాయి. మీల్‌మేకర్‌లో వందకి 50 గ్రాముల పైనే ప్రొటీన్ ఉంటుంది, ధరకూడా అందుబాటే. వేడినీళ్ళల్లో పావుగంట నానబెట్టి, రెండుసార్లు గట్టిగా పిండితే ఆ పసరు వాసన పోతుంది. పన్నీరు 50 గ్రాములకు 9 గ్రాములు.

వడకట్టిన పెరుగు ఇంకో ఉపాయం. అర కిలో పెరుగును పలుచటి గుడ్డలో మూటకట్టి ఫ్రిజ్‌లో గిన్నె మీద నాలుగైదు గంటలు వేలాడదీస్తే పావుకిలో లోపు గట్టి ముద్ద మిగులుతుంది. వందకి ఆరేడు గ్రాముల ప్రొటీన్. కొద్దిగా తినేవాళ్ళకి అదే కడుపులో రెట్టింపు పోషణ. కింద దిగిన నీళ్ళు పారబోయకండి, చపాతీ పిండికో చారుకో వాడండి.

పళ్ళు లేవు, నమలలేరు.

అందుకే అన్నం చారు మిగిలాయి, అవునా? చికెన్ కీమా కొట్టించి మెత్తగా ఉడికించండి. నానిన మీల్‌మేకర్‌ను మిక్సీలో ఒక్క తిప్పు తిప్పితే అదీ కీమాయే. గుడ్డును పాలతో గిలకొట్టి మెత్తటి పొరటు చేయండి. ముళ్ళు తీసిన చేప, పన్నీరు తురుము, పెసరపప్పు పొంగలి, గట్టి పెరుగు, ఇవి చిగుళ్ళతో కూడా తినొచ్చు. వేయించిన పల్లీలు వద్దు, పొడిచేసి కూరలో కలపండి. కట్టుడు పళ్ళు వదులైతే బాగుచేయించండి. అవి డబ్బాలో ఉంటే కండకు ఉపయోగం లేదు.

నీళ్ళు, టీ తాగేటప్పుడు పొలమారుతుంటే, తిన్నాక గొంతు గరగరమంటుంటే అది పళ్ళ సమస్య కాదు, మింగడంలో సమస్య. తిండి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఇక్కడ సొంత వైద్యం వద్దు.

రోజూ రాగిజావ ఇస్తున్నాం. బలమే కదా?

రాగుల్లో కాల్షియం బాగానే ఉంది, వంద గ్రాములకు 350 మిల్లీగ్రాముల దాకా. ప్రొటీన్ మాత్రం ఏడు గ్రాములే. గ్లాసు జావకి పట్టేది పాతిక గ్రాముల పిండి, అంటే రెండు గ్రాముల లోపు. టిఫిన్‌గా జావ ఒక్కటే ఇస్తే ఆ పూట ఎగ్గొట్టినట్టే లెక్క. జావ మానక్కర్లేదు, దాన్ని బలపరచండి: నీళ్ళతో కాచి, దించాక 150 మిల్లీలీటర్ల పాలు, రెండు చెంచాల వెన్న తీసిన పాలపొడి, చెంచాడు పల్లీల పొడి కలపండి. దాదాపు 14 గ్రాములు వస్తుంది.

ఇంట్లో పిండి కొట్టుకోవాలంటే ఈ కొలత పనికొస్తుంది. పుట్నాలు 200 గ్రాములు, పెసరపప్పు 100, పల్లీలు 100, నువ్వులు 50. పుట్నాలు తప్ప మిగతావి విడివిడిగా, సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, పూర్తిగా చల్లారాక ఆపి ఆపి మిక్సీ పట్టాలి. ఒక్కబిగిన తిప్పితే పల్లీలు, నువ్వుల నూనె ఊరి ముద్దకడుతుంది. 30 గ్రాముల పిండిని గ్లాసు పాలల్లో అయిదు నిమిషాలు ఉడికిస్తే 13 గ్రాములు. పెసరపప్పు ఉంది కాబట్టి పచ్చిగా కలిపి తాగొద్దు. నల్లబడిన, ముడుచుకున్న, బూజు వాసన వచ్చే పల్లీలను ముందే ఏరేయండి, ఆ బూజులోని విషం కాలేయానికి చేటు. రెండు వారాలకు సరిపడానే చేసి ఫ్రిజ్‌లో పెట్టండి, తర్వాత కనరెక్కుతుంది.

బజారులో దొరికే ప్రొటీన్ పౌడర్ కొనాలా?

తిండితో చేరుకోగలిగితే అక్కర్లేదు. ఆకలి బొత్తిగా లేనివారికి, ఆస్పత్రి నుంచి వచ్చినవారికి కొన్నాళ్ళు ఉపయోగం. కొనేముందు డబ్బా ముందువైపు బొమ్మ చూడకండి, వెనక పట్టిక చూడండి. వంద గ్రాముల పొడిలో ప్రొటీన్ ఎంత, చక్కెర ఎంత? పెద్దవాళ్ళ పేరు చెప్పి అమ్మే కొన్ని పొడుల్లో ప్రొటీన్ కంటే పిండి, చక్కెర ఎక్కువ. వంద గ్రాముల వెన్న తీసిన పాలపొడిలో 35 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. మీరు కొనబోయే డబ్బా దానికంటే ఎంత మెరుగో, ఎంత ఖరీదో పక్కపక్కన పెట్టి చూస్తే నిర్ణయం తేలిపోతుంది. పౌడర్‌ను తిండికి బదులుగా కాక అదనంగా, భోజనానికి బాగా ఎడంగా ఇవ్వండి. ముందు ఇస్తే ఉన్న ఆకలీ చస్తుంది.

ప్రొటీన్ ఎక్కువైతే కిడ్నీలు పాడవుతాయంటారు?

కిడ్నీలు బాగున్నవారికి పైన చెప్పిన మోతాదుతో భయం లేదు. ఇప్పటికే కిడ్నీ జబ్బు ఉండి, వడపోత లెక్క (రిపోర్టులో ఇజీఎఫ్ఆర్ అని ఉంటుంది) 30 కన్నా తక్కువ ఉండి, డయాలిసిస్ మొదలుకానివారు ప్రొటీన్ పెంచకూడదు. 30 నుంచి 60 మధ్య ఉంటే నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) చెప్పిన మేరకే. డయాలిసిస్ మొదలయ్యాక మళ్ళీ ఎక్కువే కావాలి. పాత పథ్యం చీటీ పట్టుకుని డయాలిసిస్‌లో కూడా పప్పు మానేసి చిక్కి శల్యమయ్యేవారు ఎందరో. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ప్రాంతాలవాళ్ళు, పదేళ్ళుగా షుగర్, బీపీ ఉన్నవాళ్ళు ముందు రక్తం, మూత్రం పరీక్ష చేయించుకున్నాకే తిండి పెంచాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కిడ్నీల పనితీరు తెలుసుకోవడానికి రక్తంలో కొలిచే క్రియాటినిన్ పుట్టేది కండలోంచి. కండ కరిగినవారిలో అది తక్కువే పుడుతుంది కాబట్టి కిడ్నీ దెబ్బతిన్నా రిపోర్టులో నార్మల్‌గా కనిపించవచ్చు. బాగా చిక్కినవారికి, కండతో అంతగా సంబంధం లేకుండా కిడ్నీ పనితీరు చెప్పే సిస్టాటిన్ సి పరీక్ష అవసరమా అని డాక్టర్ని అడగండి.

యూరిక్ యాసిడ్ ఉందని పప్పులన్నీ మాన్పించాం. కొలెస్ట్రాల్ ఉందని గుడ్డు కూడా.

పప్పుల్లో ఉండే ప్యూరిన్ల (ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే పదార్థాలు) వల్ల గౌట్, అంటే యూరిక్ యాసిడ్ తెచ్చే కీళ్ళనొప్పి, పెరుగుతుందని పరిశోధనల్లో తేలలేదు. తగ్గించాల్సినవి కార్జం లాంటివి, వేటమాంసం, చిన్నచేపలు, రొయ్యలు, మద్యం. పప్పు తిరిగి మొదలుపెట్టండి. గుడ్డు రోజుకి ఒకటి చాలామందికి ఇబ్బంది కాదు. ఇంకా కావాలంటే తెల్లసొన కలపండి, ఒక్కోదాంట్లో మూడున్నర గ్రాములు.

షుగర్ వల్ల రాత్రి రెండు పుల్కాలతో ఆపేస్తారు. తప్పా?

పుల్కా తప్పు కాదు, పక్కన ఏమీ లేకపోవడం తప్పు. అన్నం మాని పుల్కా తిన్నాం, షుగర్ డైట్ అయిపోయింది అనుకుంటారు. రెండు పుల్కాలకు ఆరు గ్రాముల లోపే ప్రొటీన్. పక్కన పప్పు, గుడ్డు, పన్నీరు, చేప ఏదో ఒకటి ఉంటే షుగర్ మెల్లగా పెరుగుతుంది, తెల్లారుజామున పడిపోయే భయమూ తగ్గుతుంది. డెబ్భై దాటి బలహీనంగా ఉన్నవారికి షుగర్ అంకె మరీ కిందికి దించాలని కడుపు మాడ్చడం మంచిది కాదు. మూడు నెలల షుగర్ సగటు ఎంతలో ఉంటే చాలో వయసును బట్టి డాక్టర్లే సడలిస్తారు, అడగండి.

ఆపరేషన్ అయింది. పప్పు తింటే చీము పడుతుందని పెట్టడం లేదు.

పప్పుకీ చీముకీ సంబంధం లేదు. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల. పుండు మానడానికి కావలసిన సరుకే ప్రొటీన్, దాన్నే ఆపేస్తున్నాం. పైగా మంచంలో ఉన్న రోజుల్లో కండ కరిగే వేగం చూస్తే గుండె గుభేలుమంటుంది. అమెరికాలో 2007లో వెలువడిన ఒక పరిశోధనలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళను పది రోజులు మంచం మీదే ఉంచారు. కాళ్ళల్లోనే దాదాపు కిలో కండ పోయింది. తుంటి విరిగి ఆపరేషనైన మనిషి సంగతి చెప్పనక్కర్లేదు. డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప బ్రెడ్డు, జావ పథ్యం రెండు రోజులకు మించనివ్వకండి. గుడ్డు, పాలు, పెసరపప్పు కిచిడీ, పెరుగన్నం వెంటనే మొదలవ్వాలి. మంచం అంచున కూర్చోబెట్టడం, నిలబెట్టడం ఎప్పటినుంచో డిశ్చార్జికి ముందే అడిగి రాయించుకోండి.

శనివారాలు, ఏకాదశులు, కార్తీకంలో ఉపవాసాలు మానమంటే వినరు.

మానమని వాదించకండి. పాలు, పెరుగు, పల్లీలు, పండ్లు ఉపవాసానికి అడ్డు కావని చాలా ఇళ్ళల్లో ఒప్పుకుంటారు. వాటితో 30 గ్రాములు దాటించవచ్చు. కార్తీకమాసమంతా ఒంటిపూట ఉండేవారికి మాత్రం నెల తర్వాత పిక్క కొలిచి చూపించండి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు డాక్టరుతో మాట్లాడకుండా పూట మానకూడదు.

విటమిన్ డి, బి12, కాల్షియం మాత్రలు?

కండకు ప్రొటీన్ ఇటుకలైతే డి, బి12 తాపీపని సాగనిచ్చేవి. ఎండ పొడ లేకుండా ఫ్లాట్‌లో ఉండేవారిలో డి తక్కువగా ఉండటం మామూలు. పరీక్ష చేసి మోతాదు వేయాలి. 60,000 యూనిట్ల పొట్లం వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలని రాస్తే, చీటీ అలాగే ఉంచుకుని ఏడాదంతా వాడేవారున్నారు. అది ఎక్కువై కాల్షియం పెరిగి, వాంతులు, మగత, కిడ్నీ దెబ్బ దాకా వెళ్తుంది. ఏళ్ళ తరబడి షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్యాస్ మాత్రలు వాడేవారిలో, శాకాహారుల్లో బి12 తగ్గుతుంది. అరికాళ్ళ తిమ్మిర్లు, తూలడం ఉంటే చూపించుకోండి.

తింటే చాలా? నడక ఉంది కదా.

నడక గుండెకు మంచిది, కండకు సరిపోదు. కండ మీద బరువు పడితేనే తిన్న ప్రొటీన్ కండలోకి చేరుతుంది. ముందుగా చెప్పిన కుర్చీయే వ్యాయామం: ఎనిమిది నుంచి పదిసార్లు లేచి కూర్చోవడం, రెండు నిమిషాల విరామం, మళ్ళీ ఒక విడత. లేవడం మామూలుగా, కూర్చోవడం నెమ్మదిగా, మూడు లెక్కపెడుతూ. దబ్బున కూలబడితే సగం ఫలితం పోతుంది, వెన్నుకూ దెబ్బ. మోకాళ్ళ నొప్పి ఉంటే సీటు మీద దిండు వేసి ఎత్తు పెంచండి. వంటగట్టు పట్టుకుని మడమలెత్తి దించడం పదిసార్లు. లీటరు నీళ్ళ సీసా అంటే ఒక కిలో బరువు, చేతులకి అది చాలు. వారానికి మూడు రోజులు, వీటితో పాటు గట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడే సాధన. ఛాతీ నొప్పి, కళ్ళు తిరగడం వస్తే వెంటనే ఆపాలి.

అమ్మ ఊళ్ళో ఒక్కతే ఉంటుంది, మేం విదేశంలో. ఇక్కడి నుంచి ఏం చేయగలం?

‘తిన్నావా అమ్మా’ అని అడిగితే ‘ఆ, తిన్నా’ అనే వస్తుంది. ఒక్కదానికి ఏం వండుకుంటాంలే అని పచ్చడి, మజ్జిగతో లేచినా జవాబు అదే. వీడియో కాల్‌లో వేరే ప్రశ్నలు అడగండి: పాలు ఎన్ని పోయించుకుంటున్నావ్, గుడ్లు ఎప్పుడు తెచ్చావ్, పప్పు ఎప్పుడు అయిపోయింది? నెలకి అరకిలో కందిపప్పు కూడా అవని ఇంట్లో సంగతి తెలిసినట్టే. పనిమనిషితో రెండు రోజులకొకసారి పప్పు ఉడికించి పెట్టించుకోవచ్చు, పోపు అప్పటికప్పుడు. గుడ్లు ఉడికించి పెంకుతోనే ఫ్రిజ్‌లో పెడితే నాలుగైదు రోజులు ఉంటాయి. మీరు వచ్చినప్పుడు విటమిన్ డబ్బాలకు బదులు ఒక బరువు కాటా, చేతులు లేని గట్టి కుర్చీ కొనిపెట్టి వెళ్ళండి. ప్రతి నెలా ఒకటో తారీఖున అంకె చెప్పమనండి.

ఫలితం ఎన్నాళ్ళకి కనిపిస్తుంది? ఎప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి?

ముందు మారేది బలం, తర్వాత కండ. తిండి, వ్యాయామం రెండూ సాగితే రెండు మూడు నెలల్లో కుర్చీ పరీక్షలో సెకన్లు తగ్గుతాయి. పిక్క కొలత పెరగడానికి ఇంకా వ్యవధి పడుతుంది, పెరగకుండా నిలకడగా ఉన్నా నష్టం ఆగినట్టే.

ఆరు నెలల్లో బరువు అయిదు శాతం పడితే (60 కిలోల మనిషికి మూడు కిలోలు) తిండి సరిచేస్తూ కూర్చోకండి. థైరాయిడ్, క్షయ, అదుపులో లేని షుగర్, క్యాన్సర్, దిగులు, వీటిలో ఏదైనా లోపల ఉండొచ్చు. భర్తో భార్యో పోయాక తిండి మీద ధ్యాస పోవడం చాలా ఇళ్ళల్లో చూస్తాం, అదీ వైద్యం ఉన్న సమస్యే. వెళ్ళేటప్పుడు వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకెళ్ళండి. ఆకలి చంపేవి, నోరు ఎండబెట్టేవి, కండనొప్పి తెచ్చేవి వాటిలోనే ఉండొచ్చు. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపొద్దు.